అమ్మమ్మ వేళ్ళు

మా అమ్మాయి ఇంట్లో ఫ్రిజ్ తలుపుకు ఒక కాగితం అంటించి ఉంది. వాళ్ళ అపార్టుమెంట్లలో ఉండే కుటుంబాల పేర్లు వరుసగా వ్రాసి, ఒక్కొక్క పేరుకు ఎదురుగా ఆ ఇంటివారు విందుకు చేసి తేవలసిన చిరుతిండి పేరు వ్రాశారు. ఒకరికి సాలెపురుగుల గుడ్లు. ఒకరికి కనుగుడ్లు. ఇంకొకరికి వానపాముల మట్టి. మా అల్లుడి పేరుకు ఎదురుగా రెండున్నాయి: మమ్మీలు, మంత్రగత్తె వేళ్ళు. మేము కళ్ళజోడు తీసి తుడుచుకొని మళ్ళీ చదివాము.

ప్రియ చదువరులారా, ఇది 2023 అక్టోబరు నాటి మాట. మేమూ మా వారూ అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో అమ్మాయి దగ్గర ఆరు నెలలు ఉండి రావడానికి వెళ్ళాము. అక్కడ అక్టోబరు 31వ తేదీ సాయంత్రాన్ని హాలోవీన్ అంటారు. పిల్లలు దయ్యాలుగా, అస్థిపంజరాలుగా, రాజకుమార్తెలుగా వేషాలు వేసుకొని ఇంటింటికీ వెళ్ళి మిఠాయిలు అడుగుతారు. పెద్దవారు గుమ్మడికాయలు తొలిచి, వాటికి కళ్ళూ పళ్ళూ కోసి, లోపల దీపం పెట్టి వాకిట్లో ఉంచుతారు. ఆ యేడు 31 మంగళవారం వచ్చింది గనుక విందు మాత్రం 28వ తేదీ శనివారం వాళ్ళ కమ్యూనిటీ హాలులో పెట్టుకొన్నారు. ఆ విందులో ప్రతి పదార్థమూ చూస్తే భయం పుట్టాలి, నోట్లో పెట్టుకొంటే రుచిగా ఉండాలి. అదీ సరదా.

మా వారు ముప్పై యేండ్లు సంఘపెద్దగా ఉన్న మనిషి. "దయ్యాల పేరు పెట్టి వంట ఏమిటమ్మా? మనకు వద్దని చెప్పెయ్యి" అన్నారు. "మైదాపిండి, వెన్న, పంచదారే కదా నాన్నా" అంది అమ్మాయి. ఎనిమిదేళ్ళ మనుమరాలు ఏమీ అనలేదు గాని భోజనాల బల్ల క్రిందికి దూరి కూర్చుంది.

రెండు రోజులు ఆయన ఆ ఊసెత్తలేదు. మూడవనాడు కుటుంబ ప్రార్థన అయ్యాక కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక తీసి 8వ అధ్యాయము, 10వ అధ్యాయము అమ్మాయి చేత చదివించారు. కొరింథు పట్టణంలో విగ్రహాలకు అర్పించిన మాంసం అంగళ్ళలో అమ్మేవారు. విశ్వాసి దాన్ని కొనవచ్చునా, పిలిచినవాని ఇంట కూర్చుండి తినవచ్చునా అన్న తగవు ఆ సంఘంలో వచ్చింది. మన ఊళ్ళలో పండుగనాడు పొరుగింటివారు ఆదరంతో పళ్ళెం పంపినప్పుడు ప్రతి క్రైస్తవ కుటుంబానికీ ఎదురయ్యే ప్రశ్న కూడా అదే. తీసుకొనేవారూ మన సంఘాలలో ఉన్నారు, నొప్పించకుండా వద్దని చెప్పేవారూ ఉన్నారు. ఇద్దరూ ఒకే బల్ల యొద్ద ప్రభువు భోజనంలో పాలుపొందుతున్నారు. దయ్యముల బల్లను గూర్చిన హెచ్చరిక ఆ 10వ అధ్యాయంలోనే ఉంది. మా వారు దాన్ని దాటవేయలేదు. ఇక్కడ ఎవరూ దేనికీ అర్పించడం లేదు గదా అని కాసేపు ఆలోచించి, "తిండిలో ఏమీ లేదంటాడు పౌలు. దాని వలన ఎవరి మనసుకైనా దెబ్బ తగులుతుందేమో అది చూసుకోమంటాడు" అన్నారు.

"ఈ బిస్కెట్ల వలన ఎవరికి దెబ్బ నాన్నా?" అని అమ్మాయి అడిగింది. ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. వేషం మాత్రం వేయననీ, పిండి వత్తి పెడతాననీ ఆయన ఒప్పుకొన్నారు. మనుమరాలు బల్ల క్రింది నుండి బయటికి వచ్చింది.

అక్కడి సంఘాలలో కూడా ఈ విషయంలో ఏకాభిప్రాయం లేదు. కొన్ని సంఘాలు ఆ రోజు జోలికే పోవు. కొన్ని అదే సాయంత్రం కోతల పండుగ అని పేరు పెట్టి పిల్లలకు ఆటలు ఏర్పాటు చేస్తాయి. మరికొన్ని చర్చి ఆవరణలో కార్లు వరుసగా నిలిపి, వెనుక డిక్కీలు తెరిచి, అందులో నుండి పిల్లలకు మిఠాయిలు పంచుతాయి. చీకట్లో తెలియని ఇళ్ళ తలుపులు తట్టడం కంటె ఇది మేలని తల్లిదండ్రుల ఆలోచన.

ఇంతకూ ఈ పండుగ పేరులో దయ్యమే లేదు. పాత ఇంగ్లీషులో హాలో అంటే పరిశుద్ధుడు. నవంబరు 1 సకల పరిశుద్ధుల దినము. దానికి ముందటి సాయంత్రం గనుక హాలోవీన్ అయింది. మరునాడు నవంబరు 2 మృతులను జ్ఞాపకం చేసుకొనే దినము. మన తెలుగు పల్లెలలో సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించే సమాధుల పండుగ సరిగ్గా అదే రోజు వస్తుందని చెబితే అమ్మాయి ఆశ్చర్యపోయింది. చిన్నప్పుడు మాతో కలిసి ఎన్నిసార్లు కొవ్వొత్తి పట్టుకొని వచ్చిందో లెక్కలేదు, కాని ఈ రెంటినీ కలిపి ఎన్నడూ చూడలేదట. మేము మాత్రం ఏం చూశాము!

తిండికి కూడా ఈ మూడు దినాలతో పాత సంబంధం ఉంది. ఇంగ్లండులో పేదవారు ఈ రోజులలో ఇంటింటికీ వెళ్ళి ఆత్మల రొట్టెలు అనే చిన్న గుండ్రని తీపి రొట్టెలు అడిగేవారు. రొట్టె పెట్టిన ఇంటిలో చనిపోయినవారి కొరకు ప్రార్థన చేసేవారు. సంస్కరణోద్యమం వచ్చాక మృతుల కొరకు ప్రార్థించడాన్ని ప్రొటెస్టంటులు విడిచిపెట్టారు. అయినా చెషైర్, ష్రాప్‌షైర్ వంటి చోట్ల రొట్టెలు అడగడం మాత్రం వందల యేండ్లు సాగింది. ప్రార్థన పోయి రొట్టె మిగిలింది. ఐర్లండులో ఎండుద్రాక్ష వేసిన బార్మ్‌బ్రాక్ అనే రొట్టెలో ఉంగరం పెట్టి కాల్చేవారు. ఎవరి ముక్కలో ఉంగరం వస్తే వారికి ఆ యేడు పెండ్లి అని నమ్మకం. అక్కడ దీపాలు పెట్టినది కూడా గుమ్మడికాయలో కాదు, టర్నిప్ దుంపలో. 1845లో మొదలైన బంగాళాదుంపల కరవు కాలంలో లక్షలాదిమంది ఐరిష్‌వారు అమెరికా చేరారు. అక్కడ వారికి గుమ్మడికాయ దొరికింది. దుంప కంటె తొలవడం సులువు, చూపుకు పెద్దది.

ఇంకొక సంగతి. మార్టిన్ లూథర్ 95 ప్రతిపాదనలను బయటపెట్టినది 1517 అక్టోబరు 31న, అంటే ఈ సాయంత్రమే. విట్టెన్‌బర్గ్‌లో ఆ ప్రతిపాదనలతో పేరుపడిన కోట చర్చికి సకల పరిశుద్ధుల చర్చి అనే పేరుంది. జర్మనీలో లైప్‌జిగ్ వైపు రొట్టెల అంగళ్ళలో ఆ రోజుకని లూథర్ గులాబీ ముద్ర ఆకారంలో, మధ్యలో పండ్ల జామ్ చుక్క పెట్టిన తీపి బన్నులు అమ్ముతారు. మా వారు ఇది విని, "అవే చేద్దాం" అన్నారు. కాగితంలో పేర్లు అప్పటికే వ్రాసేశారు గదా అని అమ్మాయి నవ్వింది.

ముందుగా మమ్మీలు. ఐగుప్తులో శవాన్ని గుడ్డపట్టీలతో చుట్టి భద్రపరచేవారు గదా, ఆ ఆకారం. ఆదికాండము 50వ అధ్యాయంలో యాకోబు శరీరాన్ని వైద్యులు నలువది దినాలు సుగంధ ద్రవ్యాలతో సిద్ధపరచిన సంగతి మనుమరాలికి చెబితే, "అయితే బైబిల్లో మమ్మీ ఉందా!" అని ఎగిరింది. అమెరికాలో ఇది సాసేజ్‌కు పిండి పట్టీలు చుట్టి కాలుస్తారు. ఆ హాలుకు వచ్చేవారిలో పంది మాంసం తిననివారున్నారు, అసలు మాంసమే తిననివారున్నారు. అందువలన మేము వేలెడు పొడవు పనీరు ముక్కలు కోసి, కొంచెం ఉప్పూ కారం అద్ది, వాటికి చుట్టాము. అక్కడ డబ్బాలో తయారు పిండి దొరుకుతుంది. దాన్ని పరిచి సెంటీమీటరు వెడల్పున పట్టీలు కోసి, కొంచెం అడ్డదిడ్డంగానే చుట్టాలి. నీటుగా చుడితే మమ్మీ కాదు, కట్టు కట్టిన వేలు అవుతుంది. పై భాగంలో కళ్ళకు కాస్త సందు విడవాలి. 190 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో పన్నెండు నుండి పదిహేను నిమిషాలు. చల్లారాక ఆ సందులో ఆవపిండి సాస్‌తో రెండు చుక్కలు పెడితే అది మనవైపు చూస్తుంది. ఓవెన్ లేని ఇండ్లలో చపాతీ పిండి పట్టీలు చుట్టి నూనెలో వేయించినా బాగుంటుందని మన ఊరు వచ్చాక చేసి చూశాము. పట్టీ చివర తడిచేసి అంటించకపోతే నూనెలో విడిపోతుంది, జాగ్రత్త.

సాలెపురుగుల గుడ్లు ప్రక్కింటివారి వంతు అయినా మనుమరాలి కోసం మేమూ ఆరు చేశాము. గుడ్లను గట్టిగా ఉడికించి, పొడవునా రెండుగా కోసి, పచ్చసొన తీసి మయొనైజ్, ఆవపిండి, ఉప్పుతో మెదిపి మళ్ళీ నింపుతారు. తాజా గుడ్ల కంటె వారం నిలవున్న గుడ్లకు పెంకు తేలికగా వస్తుంది. పైన నల్ల ఆలివ్ కాయ సగం బోర్లిస్తే పురుగు ఒళ్ళు. మిగతా సగాన్ని సన్నగా కోసి ఇటు నాలుగు, అటు నాలుగు పెడితే కాళ్ళు. మేము ఆరు కాళ్ళు పెడితే మనుమరాలు ఒప్పుకోలేదు, "అమ్మమ్మా, ఆరు కాళ్ళుంటే అది చీమ" అంది. ఈ వంటకు ఇంగ్లీషులో మామూలుగానే డెవిల్డ్ ఎగ్స్ అని పేరు. సాతానుతో పనేమీ లేదు, 18వ శతాబ్దంలో కారం ఎక్కువ వేసిన వంటను అలా పిలవడం మొదలుపెట్టారు. అయినా అమెరికాలో కొన్ని చోట్ల సంఘ భోజనాలకు ఇవే గుడ్లను తెచ్చి, ఆ పేరు చెప్పడం ఇష్టం లేక నింపిన గుడ్లు అంటారు. కొందరు దేవదూత గుడ్లు అని కూడా అంటారు. సంఘపెద్దలు ఎక్కడైనా సంఘపెద్దలే.

మిగిలినవి తేలిక. అరటిపండు సగానికి కోసి నిలబెట్టి, నిమ్మరసం పూసి, రెండు చాక్లెట్ పలుకులు కళ్ళుగా గుచ్చితే తెల్లదయ్యం. నిమ్మరసం లేకపోతే అరగంటలో అది నల్లదయ్యం అవుతుంది. కనుగుడ్లంటే డబ్బాలో వచ్చే లీచీ పండ్లలో నీలిరంగు బెర్రీలు దూర్చినవి. లీచీ అచ్చం మన తాటి ముంజ మాదిరిగానే ఉంటుంది. వానపాముల మట్టి అంటే చాక్లెట్ పాయసం మీద నల్ల బిస్కెట్ల పొడి చల్లి, జెల్లీ మిఠాయి పాములను అందులో పాతిపెట్టడం. పిల్లలందరూ మొదట దానిమీదే పడ్డారు. ద్రాక్ష, లీచీ వంటి జారే పండ్లను అయిదేళ్ళలోపు పిల్లలకు గుండ్రంగా ఇవ్వకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. పొడవునా నాలుగు చీలికలు చేసి ఇవ్వాలి. గుడ్ల వంటకాన్ని ఫ్రిజ్ బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు. ఈ రెండూ మన పుట్టినరోజు విందులకూ వర్తిస్తాయి.

ఇక వేళ్ళు. రెండు వందల ఇరవై అయిదు గ్రాముల వెన్న, ఒక కప్పు పంచదార పొడి, ఒక గుడ్డు, ఒక చెంచా వెనిలా కలిపి నురుగు వచ్చేదాకా గిలకొట్టాలి. అందులో రెండు కప్పుల ముప్పావుకు కాస్త తక్కువ మైదా, ఒక చెంచా బేకింగ్ పౌడరు, ముప్పావు చెంచా ఉప్పు వేసి ముద్ద చేసి అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలి. తరువాత చిన్న ఉండ తీసుకొని బల్లమీద వేలి పొడవున వత్తాలి. కణుపులు రావలసిన రెండు చోట్ల కాస్త ఉబ్బు ఉంచి, వాటికి అటూ ఇటూ వేళ్ళతో నొక్కి సన్నం చేసి, కణుపు మీద కత్తి మొనతో మూడేసి గీతలు గీస్తే చర్మం ముడత పడినట్లు వస్తుంది. కొసన బాదంపప్పు అద్దితే గోరు. 160 డిగ్రీలలో ఇరవై నుండి ఇరవై అయిదు నిమిషాలు. సన్నగా చేస్తే అయిదు డజన్ల దాకా వస్తాయి. మేము మొదటి వాయి మన వేలంత లావున చేశాము. వెన్న పిండి గదా, ఓవెన్‌లో పొంగి చక్కెరకేళి అరటిపండ్లంత అయ్యాయి. మా వారు వాటిని చూసి ఇవి మంత్రగత్తెవి కావు, గొల్యాతువి అన్నారు. రెండవ వాయి పెన్సిలంత సన్నగా చేస్తే సరిగ్గా వచ్చాయి.

బాదం మాత్రం మేము వాడలేదు. పై అంతస్తులో ఉండే ఒక బాబుకు గింజపప్పులు పడవు. ఒక్క పలుకు తగిలినా గొంతు వాచి ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. ఆ దేశంలో 2014 నుండి కొన్ని ఇండ్ల ముందు నీలం కలిసిన ఆకుపచ్చ రంగు వేసిన గుమ్మడికాయ పెడుతున్నారు. అటువంటి పిల్లలకు ఇక్కడ తినేవి కాక బొమ్మలు, పెన్సిళ్ళు ఇస్తాము అని దానికి గుర్తు. మేము బాదంకు బదులు పొట్టు తీసిన గుమ్మడి గింజలు అద్దాము, అదీ బాదంతో కలిసి ప్యాకింగు కానిది చూసి. ఆకుపచ్చని గోళ్ళు వచ్చాయి. గోరు లేపి క్రింద ఎర్రని జామ్ చుక్క పెట్టి మళ్ళీ అంటిస్తే నెత్తురు కారినట్లు ఉంటుంది.

ఆ జామ్ పెడుతూండగా మా చెయ్యి ఆగిపోయింది. చల్లారడానికి బల్లమీద పరిచిన వేళ్ళు వంకరగా, కణుపులు తేలి, గోళ్ళు పెరిగి ఉన్నాయి. ఆ వేళ్ళు మేము ఎరుగుదుము.

మా నాన్నగారు గుంటూరు జిల్లాలో ఒక పల్లెలో మిషను బడి పంతులు. మాకు తొమ్మిదేళ్ళప్పుడు, 1964లో, మా వీధి చివర ఒక అవ్వ ఉండేది. ఒంటరిది. వేసవి మొదట్లో చింతపండు కొట్టే రోజులలో మా ఇంటికి వచ్చి అమ్మతో కూర్చొని గింజలు తీసేది. ఆమె వేళ్ళు కీళ్ళ దగ్గర ముడులు పడి ప్రక్కకు వంగిపోయి ఉండేవి. వాటితోనే మా అందరికంటె వేగంగా తీసేది. ఆ యేడు ఒకే వారంలో ఆ వీధిలో ఇద్దరు పసిబిడ్డలు జ్వరంతో పోయారు. అవ్వ చేతబడి చేసిందన్నారు. రుజువు ఏమిటంటే, ఆ వేళ్ళు చూడండి అన్నారు. ఒక రాత్రి ఆమెను బయటికి ఈడ్చి, పళ్ళు లేకపోతే మంత్రం పలకదని రాతితో ముందుపళ్ళు ఊడగొట్టారు.

తెల్లవారేసరికి ఆమె బడి అరుగుమీద కూర్చొని ఉంది. అమ్మ మూడు రోజులు గంజి పోసింది. నాలుగవ రోజు ఆమె తమ్ముని కొడుకు బండి కట్టుకొని వచ్చి తీసుకొని వెళ్ళాడు. మళ్ళీ మేము ఆమెను చూడలేదు. ఆ రాత్రి కేకలు మాకూ వినబడ్డాయి. అక్కడ విశ్వాసుల ఇండ్లు పదకొండు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు, మా ఇంటి తలుపు కూడా. తరువాతి ఆదివారం సంఘంలో ప్రార్థన చేయమంటే నాన్నగారు లేచి నిలబడి, ఏమీ పలకలేక మళ్ళీ కూర్చున్నారు. ఎందుకో ఆయన చెప్పలేదు, మేము అడగలేదు.

ఇదంతా మనుమరాలికి చెప్పవచ్చునా అని అమ్మాయి వైపు చూశాము. ఆమె తల ఊపింది. పళ్ళ సంగతి విడిచిపెట్టి మిగిలినది చెప్పాము. పాప చేతిలో అప్పటికే ఒక అట్టముక్క ఉంది, మంత్రగత్తె వేళ్ళు అని ఇంగ్లీషులో రంగు పెన్సిళ్ళతో వ్రాసి చుట్టూ గబ్బిలాలు వేసింది. "ఆ అవ్వ నిజంగా మంత్రగత్తె కాదా?" అని అడిగింది. "కాదమ్మా. కీళ్ళ జబ్బున్న ముసలమ్మ" అన్నాము.

అల్లుడు అంతవరకు పాత్రలు కడుగుతూ వింటున్నాడు. "ఈ దేశంలోనూ జరిగింది అత్తయ్యా" అని చెప్పాడు. న్యూజెర్సీకి ఉత్తరాన మసాచుసెట్స్‌లో సేలం అనే చోట 1692లో మంత్రవిద్య నేరం మోపి పందొమ్మిది మందిని ఉరితీశారు. వారిలో పద్నాలుగుగురు స్త్రీలు. విచారణకు ఒప్పుకోని ఒక ముసలాయనను బండలు పేర్చి నొక్కి చంపారు. మరికొందరు చెరసాలలోనే చనిపోయారు. సాక్ష్యం చెప్పినవారు, తీర్పు తీర్చినవారు ప్రతి ఆదివారం గుడికి వెళ్ళేవారే, మనవంటి ప్రొటెస్టంటులే. ఆ న్యాయాధిపతులలో ఒకడైన శామ్యూల్ సీవాల్ 1697 జనవరిలో బోస్టనులోని తన సంఘంలో నిలబడ్డాడు. ఆ తప్పుకు తాను బాధ్యుడనని అతడు వ్రాసి ఇచ్చిన పత్రాన్ని సంఘకాపరి అందరి యెదుట చదివాడు. చదువుతున్నంతసేపూ అతడు నిలబడే ఉన్నాడు. మరణశిక్ష పడి ఉరి తప్పించుకొన్న ఎలిజబెత్ జాన్సన్ అనే యువతి పేరు మాత్రం నేరస్థుల జాబితాలో ఉండిపోయింది. నార్త్ ఆండోవర్ అనే ఊరిలో ఒక ఉపాధ్యాయిని, ఆమె దగ్గర ఎనిమిదవ తరగతి చదివే పిల్లలు పట్టుబట్టి శాసనసభ్యులకు ఉత్తరాలు వ్రాస్తే, 2022లో ఆ పేరు కొట్టివేశారు. మూడు వందల యేండ్లు దాటాక!

మా వారు నాన్నగారి సంగతి విన్నది ఆ రోజే. పెండ్లయి నలభై అయిదేళ్ళయినా ఎన్నడూ చెప్పలేదు. ఆయన కాసేపు ఊరుకొని, "అమ్మాయి అడిగినదానికి జవాబు ఇదేనేమో" అన్నారు. చేతబడి అనుమానంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు మన తెలుగు పత్రికలలో ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. అటువంటి ఇంటినుండి వచ్చినవారు ఎవరైనా ఆ హాలులో ఉండి ఈ పళ్ళెం చూస్తే? ఎవరూ ఉండకపోవచ్చు. మేమైతే ఉన్నాము.

పారవేద్దామా అంటే అయిదు డజన్ల బిస్కెట్లు. వెన్న ధర అమ్మాయి చెప్పింది. మేము చేతులు కడుక్కొంటుంటే మనుమరాలు వచ్చి మా కుడిచెయ్యి పట్టుకొని చూసింది. నాలుగేళ్ళుగా మాకూ కీళ్ళవాతమే. చూపుడువేలు, మధ్యవేలు ప్రక్కకు తిరిగాయి. పాప తన వేలితో మా కణుపుల మీద ముడతలు లెక్కపెట్టింది. తరువాత అట్టముక్క చింపి చెత్తబుట్టలో వేసి, ఇంకొకటి తీసుకొని ఇంగ్లీషులో ఒక వరుస, క్రింద తనకు వచ్చిన తెలుగులో ఒక వరుస వ్రాసింది. అమ్మమ్మ వేళ్ళు. మ్మ వత్తు మర్చిపోతే మా వారు దిద్దారు. నెత్తురు జామ్ వద్దు అంది, అప్పటికే పెట్టినవి పన్నెండు. వాటిని ఇంట్లోవాళ్ళమే తిన్నాము.

శనివారం సాయంత్రం హాలులో ముప్పై మంది దాకా పిల్లలు. మమ్మీలు పావుగంటలో అయిపోయాయి. పనీరు అని తెలిసి వెనక్కి తిరిగినవాళ్ళూ ఉన్నారు. వేళ్ళ పళ్ళెం దగ్గర మాత్రం ఒక ఇబ్బంది వచ్చింది. ఏ అమ్మమ్మ అని ఒకడు అడగడం, మనుమరాలు మమ్మల్ని చూపించడం, వాడు బిస్కెట్ పట్టుకొని వచ్చి మా చేతి ప్రక్కన పెట్టి సరిపోయిందో లేదో చూడడం. వాణ్ణి చూసి మరి నలుగురు. అస్థిపంజరం వేషంలో ఉన్న ఒక చిన్నది మా వేలు నిమిరి, నొప్పిగా ఉంటుందా అని ఇంగ్లీషులో అడిగింది. కొంచెం అన్నాము. పై అంతస్తు బాబు తల్లి గింజల ప్యాకెట్టు అడిగి తీసుకొని, దానిమీద ఉన్నదంతా రెండుసార్లు చదివి, అప్పుడు వాడి చేతికి ఒకటి ఇచ్చింది. వాడు ముందు గోరు కొరికాడు.

రాత్రి ఇంటికి వచ్చేసరికి పళ్ళెంలో మూడు మిగిలాయి. మా వారు టీ పెట్టమని అడిగి, ఒకటి అందులో ముంచారు. గోరు ఊడి కప్పులో పడింది. చెంచా కోసం లేచారు.